తలుపులు వేసి ఆడిన మ్యాచ్

డ్యూక్ యూనివర్సిటీ టీషర్ట్ వేసుకుని ఆఫీసుకి వెళ్లడంతో మొదలైంది ఇదంతా.

నేను డ్యూక్‌లో చదవలేదు. ఆ మాటకొస్తే ఆ నీలిరంగు టీషర్ట్ వేసుకుని తిరిగే మనవాళ్లలో చాలామంది అక్కడ చదివుండరు. నార్త్ కరోలినాలో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి లోటు లేదు. మోరిస్‌విల్‌లో అపార్ట్‌మెంట్, పార్క్‌లో ఉద్యోగం, శనివారం కేరీలో వెంకటేశ్వరస్వామి గుడి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఎవరైనా మొదట చెప్పేది డ్యూక్ బాస్కెట్‌బాల్ గురించే. నాకూ ఆ ఆటంటే ఇష్టం. కొనేసుకున్నా.

మా టీమ్‌లో క్యూఏ లీడ్ ఒకాయన ఉన్నారు. యాభై దాటిన నల్లజాతి మనిషి, డర్హమ్‌లోనే పుట్టి పెరిగారు. నా టీషర్ట్ చూసి, "డ్యూక్ నుంచి కార్లో పది నిమిషాలు వెళ్తే ఇంకో కాలేజ్ ఉంది. నేను అక్కడే చదివా. ఒకసారి మా జట్టు డ్యూక్ వాళ్లని 44 పాయింట్ల తేడాతో ఓడించింది, తెలుసా?" అన్నారు.

తెలీదన్నా. సీటుకొచ్చి వెతికితే రెండు కాలేజీల రికార్డుల్లోనూ ఆ మ్యాచ్ లేదు. ఆయన్నే వెళ్లి అడిగా. నవ్వి, "ఉండదు. తలుపులు వేసుకుని ఆడారు మరి. కోచ్ మెక్లెండన్ అని కొట్టు" అన్నారు.

ఆ రోజు స్టాండప్ మీటింగ్‌లో నేనేం అప్‌డేట్ ఇచ్చానో నాకే గుర్తులేదు.

జాన్ మెక్లెండన్ కథ ఆ మ్యాచ్ కంటే ముందే, కాన్సాస్‌లో మొదలవుతుంది. 1915లో పుట్టాడు. 1933లో కాన్సాస్ యూనివర్సిటీలో ఫిజికల్ ఎడ్యుకేషన్ చదవడానికి చేరాడు. అప్పుడక్కడ పాఠాలు చెప్తున్నది ఎవరనుకున్నారు? జేమ్స్ నైస్మిత్. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఓ జిమ్ బాల్కనీకి పళ్లబుట్ట తగిలించి ఈ ఆటని కనిపెట్టిన పెద్దమనిషి. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, క్రికెట్ కనిపెట్టినవాడే క్లాసులోకొచ్చి అటెండెన్స్ తీసుకున్నట్టు. నువ్వు వెళ్లి నైస్మిత్‌నే గైడ్‌గా ఉండమని అడుగు అని వాళ్ల నాన్న చెప్పి పంపాడట. కుర్రాడు నేరుగా ఆయన గదికెళ్లి, మా నాన్న ఇలా చెప్పారండీ అన్నాడట. ఆయన కాదనలేదు.

ఇక్కడే మెలిక. ఆటని కనిపెట్టినవాడి దగ్గర చదువుతున్నాడు గానీ, ఆ యూనివర్సిటీ జట్టులో ఆడే వీల్లేదు. నల్లవాళ్లని జట్టులోకి తీసుకునేవాళ్లు కాదు. ఆ రోజుల్లో అది కాన్సాస్ ఒక్కదాని సంగతే కాదనుకోండి. ఫిజికల్ ఎడ్యుకేషన్ డిగ్రీకి ఈత కూడా రావాలి. ఇతను వెళ్లి యూనివర్సిటీ ఈతకొలనులో దిగితే, తర్వాత నీళ్లన్నీ తోడేశారు. అయినా ఊరుకోలేదు, మళ్లీ దిగాడు. నైస్మిత్ వెనక నిలబడ్డాడు. ఆ కొలను అందరికీ తెరుచుకునేదాకా వదల్లేదు. 1936లో డిగ్రీ వచ్చింది. ఆ డిపార్ట్‌మెంట్ నుంచి ఆ డిగ్రీ తీసుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి అతనే.

అంటే ఆట నేర్చుకున్నది దాని పుట్టింట్లో. ఆడనివ్వనిదీ అక్కడే. ఇక మిగిలింది నేర్పడం.

తర్వాత అయోవాలో మాస్టర్స్ చేసి, 1937లో డర్హమ్ వచ్చాడు. ఇప్పుడు నార్త్ కరోలినా సెంట్రల్ యూనివర్సిటీ అంటున్నారే, అదే. అప్పట్లో చిన్న కాలేజ్, నల్లవాళ్ల కోసం పెట్టిందని దాని పేరులోనే ఉండేది. మొదట అసిస్టెంట్, 1940 నుంచి హెడ్ కోచ్. అక్కడ కుదురుకున్నాక మెక్లెండన్ చేసిన పని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నాలాంటి బెంచ్ ఆటగాడికి కూడా ఒళ్లు జలదరించిన చోటు అదే.

అప్పటి బాస్కెట్‌బాల్ ఇప్పుడు మనం చూసే ఎన్‌బీఏలా ఉండేది కాదు. బంతి దొరికితే నింపాదిగా నడిపించుకుంటూ అవతలి వైపుకి తీసుకెళ్లి, అందరూ ఎవరి చోట వాళ్లు సర్దుకున్నాక, రెండు చేతుల్తో నిలబడి వేసేవాళ్లు. మెక్లెండన్ దాన్ని పరుగుపందెం చేశాడు. అవతలివాళ్ల షాట్ తప్పి, రీబౌండ్ మన చేతికి చిక్కిన క్షణంలోనే బంతి పక్కకి వెళ్లిపోవాలి. మధ్యలో ఒకడు, అటూ ఇటూ అంచుల్లో ఇద్దరు, మూడు దారుల్లో దూసుకెళ్లాలి. వాళ్లు వెనక్కి తిరిగి చూసేసరికి బంతి బుట్టలో ఉండాలి. దీన్నే ఫాస్ట్ బ్రేక్ అంటారు. ఇక డిఫెన్స్ సంగతి: అవతలి జట్టు మన వైపుకి వచ్చేదాకా ఆగకుండా, కోర్టు పొడవునా 94 అడుగులూ వాళ్ల మీద పడిపోవాలి. ఇది ఫుల్ కోర్ట్ ప్రెస్. ఊపిరి తీసుకోనివ్వకూడదు.

దీనికంతటికీ ఒకటే పెట్టుబడి. కాళ్లు. అవతలివాళ్ల కంటే మనం ఎక్కువసేపు పరిగెత్తగలగాలి. అందుకే బంతి పట్టుకునే ముందు కుర్రాళ్లని పరుగులు పెట్టించేవాడు.

ఈ ముక్క చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టేశా.

మా కాలేజ్ గుంటూరు దాటాక మిరప చేల మధ్య ఉంటుంది. పేరు చెప్పను, చెప్పినా మీకు తెలీదు. రెజ్యూమెలో ఆ లైన్ చూసి హెచ్‌ఆర్‌లు "అదెక్కడ?" అని అడగడం నాకు అలవాటైపోయింది. ఎమ్మెస్ చేశాక ఆ ప్రశ్న తప్పింది గానీ, పార్టీల్లో మనవాళ్లు "బీటెక్ ఎక్కడ?" అంటే ఇప్పటికీ ముందు జిల్లా పేరు చెప్తా.

అక్కడ ఒక సిమెంట్ కోర్టు ఉండేది. రెండు రింగుల్లో ఒకటి కిందకి వంగిపోయి ఉండేది, రెండోదానికి నెట్ లేదు. పీడీ సర్ మాకు మొదటి నెల్లో బంతి ఇవ్వలేదు. కాలేజ్ గేటు నుంచి హైవే మీద టీ కొట్టుదాకా పరుగు, అక్కణ్ణుంచి మళ్లీ గేటుదాకా. టీ కూడా తాగనిచ్చేవారు కాదు. "బాల్ ఎప్పుడైనా వస్తుంది రా, ముందు కాళ్లు రానీ" అనేవారు. మాలో ఎవరూ ఆరడుగులు దాటినవాళ్లు లేరు. పెద్ద కాలేజీల జట్లతో ఎత్తులో ఎలాగూ గెలవలేం కాబట్టి ఊపిరితో గెలవాలన్నది ఆయన లెక్క. ఈ ఫాస్ట్ బ్రేకూ, మూడు దారులూ నాకు నేర్పింది ఆయనే. అవి ఎక్కడ పుట్టాయో ఆయనకీ తెలీదేమో.

సరే, 1944కి వద్దాం.

మార్చి 12, ఆదివారం. మెక్లెండన్ జట్టు, పేరు ఈగల్స్, ఆ సీజన్‌లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఓడింది. కానీ పెద్ద టోర్నమెంట్లలోకి నల్లవాళ్ల కాలేజీలకి పిలుపు ఉండదు. ఊరికి అటువైపు డ్యూక్ మెడికల్ స్కూల్ విద్యార్థుల జట్టు ఉంది. అంతకుముందు వేరే వేరే కాలేజీల్లో బాగా ఆడి, యుద్ధం రోజుల్లో డాక్టరీ చదవడానికి వచ్చిన తెల్లకుర్రాళ్లు. చుట్టుపక్కల అందర్నీ ఓడిస్తున్నారు. క్యూఏ లీడ్ గారు "డ్యూక్" అని నన్ను ఊరించింది ఈ మెడికల్ స్కూల్ జట్టుని చూపించే, కాలేజ్ మెయిన్ జట్టు కాదు. చిన్న మోసమే, క్షమించేశా.

రెండు కాలేజీల నుంచి కొద్దిమంది విద్యార్థులు వైఎంసీఏ తరఫున చాటుగా కలుసుకునేవాళ్లు. అక్కడ ఎవరు మంచి జట్టు అన్న మాటొచ్చింది. మాట కాస్తా సవాలయింది.

మనం కాలేజీల్లో వేసుకునే పందెం లాంటిదే కదా అనిపిస్తుంది. కాదు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడటం ఆ ఊళ్లో కుదరని పని. ఎంత కుదరని పనో చెప్పడానికి ఒక్క సంగతి చాలు: ఆ ఏడాది జూలైలో అదే డర్హమ్‌లో, బస్సులో వెనక సీటుకి వెళ్లే విషయంలో గొడవై, బుకర్ స్పైస్లీ అనే నల్లజాతి సైనికుణ్ణి బస్సు డ్రైవర్ కాల్చి చంపేశాడు. యూనిఫామ్‌లో ఉన్న సైనికుణ్ణి. కోర్టులో ఆ డ్రైవర్ నిర్దోషిగా బయటపడ్డాడు. మ్యాచ్ సంగతి పొక్కితే మెక్లెండన్ ఉద్యోగం మాత్రమే పోయేది కాదు.

అప్పటికి అతనికి 28 ఏళ్లు. ఇప్పుడు నాకున్నన్ని.

ఆదివారం ఉదయం 11 గంటలు ఎంచుకున్నారు. ఊరు ఊరంతా, పోలీసులతో సహా, చర్చిలో ఉండే టైమ్. డ్యూక్ కుర్రాళ్లు అడిగి తెచ్చుకున్న కార్లలో చుట్టు దారుల్లో వచ్చారు. దిగి, జాకెట్లు తల మీదకి లాక్కుని జిమ్‌లోకి పరిగెత్తారు. తలుపులు తాళం. ప్రేక్షకులు లేరు. కొంతమంది విద్యార్థులు మాత్రం సంగతి పసిగట్టి కిటికీల్లోంచి తొంగిచూశారట. రిఫరీ ఉన్నాడు, క్లాక్ ఉంది. అంటే సరదా ఆట కాదు, అసలు ఆటే.

మొదట్లో రెండు జట్లూ తడబడ్డాయి. పాస్‌లు ఎటో వెళ్తున్నాయి, తేలిక షాట్లు కూడా తప్పుతున్నాయి. ఈగల్స్‌లో అందరికంటే చిన్నవాడు ఆబ్రీ స్టాన్లీ. ఫస్ట్ హాఫ్ మధ్యలో తనకి హఠాత్తుగా ఒకటి తట్టిందని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు: వీళ్లేం మానవాతీతులు కాదు, మాలాంటి మనుషులే, వీళ్లని ఓడించొచ్చు అని. ఇది చదివితే మామూలు మాటే. కానీ నువ్వు తక్కువ అని పుట్టినప్పటి నుంచీ వింటూ పెరిగిన కుర్రాడికి, ఎదురుగా నిలబడి బంతి లాక్కుంటే తప్ప తెలియని సంగతి.

ఇక మొదలైంది పరుగు. మూడు దారుల్లో. 88-44.

అక్కడితో అయిపోయుంటే పగ తీర్చుకున్న కథ అయ్యేది. కాస్త ఊపిరి తీసుకున్నాక, ఈసారి జట్లు కలిపేసుకుని మళ్లీ ఆడారు. ఒక జట్టులోనే తెల్లవాళ్లూ నల్లవాళ్లూ. ఆట అయ్యాక హాస్టల్‌కి వెళ్లి కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. తర్వాత డ్యూక్ వాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు.

సంగతి తెలిసిన విలేకరి ఒకాయన స్థానిక నల్లవాళ్ల పత్రికలో ఉన్నా, రాయలేదు. రాస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అలా 52 ఏళ్లు. 1996లో స్కాట్ ఎల్స్‌వర్త్ అనే చరిత్రకారుడు న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసేదాకా బయటి ప్రపంచానికి తెలీదు. తర్వాత ఆయనే పుస్తకం కూడా రాశాడు.

నాకు ఆ 52 ఏళ్లు అంతుపట్టలేదు. నేనైతే ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఛానెల్‌లో పోస్ట్ పెడతా. మేనేజర్‌కి కనిపించని పని చేసినట్టా చేయనట్టా అన్నది మా ఫీల్డ్‌లో పెద్ద సమస్య. ఈయన కెరీర్ మొత్తంలో గొప్ప గెలుపుని స్కోర్‌బుక్‌లో రాసుకోకుండా మింగేసి, సోమవారం మళ్లీ ప్రాక్టీస్‌కి వెళ్లిపోయాడు.

రికార్డుల్లోకి ఎక్కినవీ తక్కువేం కాదు. 1946లో తమ కాలేజీలకి కూడా ఒక టోర్నమెంట్ ఉండాలని తోటి కోచ్‌లతో కలిసి సీఐఏఏ టోర్నమెంట్ మొదలుపెట్టారు. అదిప్పటికీ జరుగుతోంది. మొదటి ఏడాది కప్పు మెక్లెండన్ జట్టుదే. శామ్ జోన్స్ ఆయన దగ్గరే కాలేజ్ ఆట మొదలుపెట్టాడు, తర్వాత బోస్టన్ సెల్టిక్స్‌తో 10 ఎన్‌బీఏ టైటిళ్లు గెలిచాడు. 1954లో నాష్‌విల్‌లో టెన్నెసీ ఏ అండ్ ఐ అనే ఇంకో నల్లవాళ్ల కాలేజ్‌కి వెళ్లాడు మెక్లెండన్. అప్పటికి చిన్న కాలేజీలకోసం ఉండే ఎన్‌ఏఐఏ పోటీల్లోకి నల్లవాళ్ల కాలేజీలని కూడా రానిస్తున్నారు. ఆ పోటీలు కాన్సాస్ సిటీలో. రమ్మన్నారు సరే, మా కుర్రాళ్లు ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ తినాలి అని అడిగాడు. మిగతా జట్లున్న చోటే మాకూ గదులివ్వాలి, లేదంటే రామని కూర్చున్నాడు. ఇచ్చారు.

1957, 1958, 1959. వరసగా మూడేళ్లు జాతీయ ఛాంపియన్లు. కాలేజ్ బాస్కెట్‌బాల్‌లో వరసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచిన మొదటి కోచ్. పెద్ద యూనివర్సిటీల్లో ఎవరూ అప్పటికి చేయని పని.

మా ఫ్రెండ్‌కి ఇదంతా చెప్తే "మరి నాకెందుకు తెలీదు రా? వుడెన్ పేరు తెలుసు, కోచ్ కే తెలుసు" అన్నాడు. ఆ ప్రశ్నకి సమాధానం నీ ప్రశ్నలోనే ఉందన్నా.

తర్వాతి ఏళ్లు అంత సాఫీగా లేవు. దాచడం నాకిష్టం లేదు. 1961లో క్లీవ్‌ల్యాండ్ పైపర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి కోచ్‌గా ఉన్నాడు. ప్రొఫెషనల్ లీగ్‌లో నల్లజాతి హెడ్ కోచ్ అంటే అప్పటికి చాలా అరుదైన మాట. ఓనర్ జార్జ్ స్టెయిన్‌బ్రెనర్, తర్వాత బేస్‌బాల్‌లో న్యూయార్క్ యాంకీస్‌ని కొన్నాయన. ఆటగాళ్లకి జీతాలు సరిగా ఇవ్వడం లేదని సీజన్ మధ్యలోనే మెక్లెండన్ రాజీనామా చేసి బయటికొచ్చేశాడు. 1966లో క్లీవ్‌ల్యాండ్ స్టేట్‌కి వెళ్లాడు, తెల్లవాళ్లు ఎక్కువగా చదివే యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయిన మొదటి నల్లజాతి మనిషి అతనే. అక్కడ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. 1969లో డెన్వర్ రాకెట్స్ జట్టుతో కొన్ని నెలలే. మొదటివాడు, మొదటివాడు అని రాసుకుంటూ పోతాం గానీ, ఆ తలుపులు తెరుచుకునేసరికి అతని బంగారు రోజులు చిన్న కాలేజీల్లోనే గడిచిపోయాయి. 41 ఏళ్ల వయసులో జాతీయ ఛాంపియన్ అయినప్పుడు పిలవనివాళ్లు తర్వాతెప్పుడో పిలిచారు.

మళ్లీ రాజీనామా దగ్గరికి వెళ్తా. ఎందుకంటే అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మా పీడీ సర్‌ది కాంట్రాక్ట్ ఉద్యోగం. నేను థర్డ్ ఇయర్‌లో ఉండగా యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ పోటీలకి వెళ్లాలి. నాలుగు రోజులు క్లాసులు పోతే అటెండెన్స్ 75 శాతానికి తగ్గిపోతుందని మా హెచ్‌ఓడీ ఒప్పుకోలేదు. సర్ మధ్యాహ్నం భోజనం మానేసి ప్రిన్సిపల్ గది బయట స్టూల్ మీద కూర్చున్నారు. ఒక రోజు కాదు, మూడు రోజులు. నాలుగో రోజు సంతకం పెట్టారు. మేం వెళ్లాం, సెమీస్‌దాకా లాగాం, ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తిరిగొచ్చే బస్సులో సర్ మా అందరికీ సొంత డబ్బుల్తో బిర్యానీ పెట్టించారు. అప్పటికి ఆయనకి నాలుగు నెలల జీతం బాకీ ఉందని మాకు తర్వాత తెలిసింది.

ఫైనల్ ఇయర్‌లో కాలేజ్ స్పోర్ట్స్ ఖర్చు తగ్గించేసింది. సర్ కాంట్రాక్ట్ రెన్యువల్ చేయడం లేదని తెలిసింది. జూనియర్లు ఒక లెటర్ రాశారు. సర్‌ని ఉంచండి, బాకీ జీతం ఇవ్వండి అని. నలభై దాకా సంతకాలు. "కెప్టెన్ మీరు అన్నా, పైన మీ సంతకం ఉండాలి" అని నా దగ్గరికి తెచ్చారు. రెండు వారాల్లో క్యాంపస్ డ్రైవ్. మా కాలేజ్‌కి వచ్చే పెద్ద కంపెనీ అదొక్కటే. లిస్టులో పేర్లు పంపేది ఆఫీసువాళ్లే. ఇలాంటి లెటర్లలో పేర్లుంటే ప్లేస్‌మెంట్ సెల్ గుర్తుపెట్టుకుంటుందని ఓ లెక్చరర్ నన్ను పిలిచి మెల్లగా చెప్పారు.

"రేపు పెడతా తమ్ముడూ" అన్నా.

పెట్టలేదు. ఆ రేపు రాకుండా చూసుకున్నా. రెండు రోజులు హాస్టల్‌లో వెనక మెట్ల నుంచి తిరిగా. లెటర్ వెళ్లింది, పైన కెప్టెన్ పేరు లేకుండా. సర్ వెళ్లిపోయారు. నాకు ఉద్యోగం వచ్చింది. నా సంతకం ఉంటే ఆయన ఉద్యోగం నిలిచేదని నేననుకోను. అనుకోకపోవడం నాకు సుఖంగా ఉంది కాబట్టి అనుకోవట్లేదేమో కూడా తెలీదు.

మా సర్‌నీ మెక్లెండన్‌నీ ఒక తక్కెడలో పెట్టడం లేదు. ఆయన కుర్రాళ్లకి ఎదురుగా ఉన్నది తుపాకులూ, ఊరవతల చెట్లకి వేలాడదీసే గుంపులూ. మా ముందున్నది 75 శాతం అటెండెన్స్. కానీ జీతాలివ్వలేదని ఓనర్ మొహం మీద కాగితం పడేసి వచ్చిన కోచ్ గురించి చదువుతుంటే, సంతకం పెట్టని కాగితం ఒకటి గుర్తురాకుండా ఎలా ఉంటుంది?

జనవరిలో క్యూఏ లీడ్ గారు నన్ను వాళ్ల కాలేజ్ మ్యాచ్‌కి తీసుకెళ్లారు. డర్హమ్‌లో ఆ హాల్ పేరు మెక్‌డౌగల్డ్-మెక్లెండన్ అరీనా. చిన్న హాలే. డ్యూక్ ఆటలకి టికెట్ దొరకడం గగనం, ఇక్కడ మేం నేరుగా వెళ్లి కూర్చున్నాం. బ్యాండ్ హోరు, కింద చిన్నపిల్లల గోల, పాప్‌కార్న్ వాసన. మా ముందు వరసలో ఓ పెద్దావిడ రిఫరీని తిట్టిన తిట్లు నాకు సగం అర్థం కాలేదు గానీ భావం మాత్రం గుంటూరుదే.

ఇంటర్వెల్‌లో ఆయన డిక్ బార్నెట్ గురించి చెప్పారు. టెన్నెసీ ఏ అండ్ ఐలో ఆ మూడు టైటిళ్లూ ఆడిన కుర్రాడు, తర్వాత న్యూయార్క్ నిక్స్‌తో ఎన్‌బీఏ ఛాంపియన్. ముసలితనంలో ఆయన పెట్టుకున్న పని ఒకటే, ఆ కాలేజ్ జట్టుని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తేవడం. ఏళ్ల తరబడి ఉత్తరాలు, ఫోన్లు, వినతులు. 2019లో ఆ జట్టుని తీసుకున్నారు. మెక్లెండన్‌ని 1979లోనే తీసుకున్నారు, అయితే ఆటకి సేవ చేసినవాడిగా. కోచ్‌గా తీసుకున్నది 2016లో. 523 గెలుపులున్న మనిషిని కోచ్ అని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. ఆయన 1999లోనే పోయాడు.

"బార్నెట్ కోచ్‌ని మర్చిపోలేదు" అన్నారు క్యూఏ లీడ్ గారు. మామూలుగానే అన్నారు. నేను పాప్‌కార్న్ వైపు చూశా.

ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. ఇండియాలో ఉదయం ఏడు. జూనియర్ ఒకడి దగ్గర సర్ నంబర్ తీసుకుని నెలవుతోంది. నొక్కేశా.

"ఎవరూ?"

పేరు చెప్పా. బ్యాచ్ చెప్పా. అవతల బడి గంట లాంటిది మోగింది.

"ఓరి నువ్వా! ఏరా, అమెరికాలో ఉన్నావంటగా. ఆడుతున్నావా, మానేశావా?"

ఆడుతున్నా అన్నా. అపార్ట్‌మెంట్ కోర్టులో వారానికోసారి. ఆయన ఇప్పుడు నరసరావుపేట వైపు ఓ ప్రైవేట్ స్కూల్లో పీఈటీ. మోకాలు నొప్పి. పెద్దమ్మాయి పెళ్లయింది. కోర్టు లేదు, గోడకి రింగు ఒకటి బిగించారట. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు.

మెక్లెండన్ కథ చెప్పా. ఇరవై నిమిషాలు చెప్పుంటా. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. తలుపులకి తాళం వేసి ఆడారన్నప్పుడు మాత్రం "అబ్బా" అన్నారు. చివరికి నేను అసలు సంగతికి వచ్చా.

"సర్, ఫైనల్ ఇయర్‌లో... ఆ లెటర్ మీద నేను..."

"లెటరా? ఏ లెటర్?"

"పిల్లలు రాసింది సర్. నేను సంతకం..."

కాసేపు ఏం వినపడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నా.

"ఒరేయ్, ఆ జీతం వాళ్లు ఇప్పటికీ ఇవ్వలేదు" అన్నారు. నవ్వారు. ఆ నవ్వులో ఏముందో నాకు తెలీలేదు. ఆయనకి లెటర్ గుర్తుందో, నా పేరు లేదన్న సంగతి తెలుసో కూడా తెలీదు. అడిగే ధైర్యం రెండోసారి రాలేదు.

"అది సరే గానీ, ఆ కోచ్ ఏదన్నా పుస్తకం రాశాడా?"

రాశాడు సర్ అన్నా. 1965లో వచ్చింది, ఫాస్ట్ బ్రేక్ బాస్కెట్‌బాల్ అని. ఇద్దరు ఆటగాళ్లని మూలల్లో పెట్టి ఆడించే పద్ధతి కూడా ఆయనదేనట సర్, తర్వాత డీన్ స్మిత్ నాలుగు మూలల ఆటగా దేశమంతా పేరు తెచ్చాడు గానీ, దానికి ముందు రూపం ఈయన దగ్గర ఉండేదంటారు.

"మూలల్లోనా? మా పిల్లలు పొట్టివాళ్లు రా, పనికొస్తుంది. పుస్తకం తర్వాత సంగతి, ముందు బొమ్మ గీసి వాట్సాప్ చెయ్. ప్రేయర్ టైమ్ అయింది" అని పెట్టేశారు.

ప్రింటర్‌లోంచి తెల్ల కాగితం లాగి కోర్టు గీశా. రెండు మూలల్లో ఇద్దరు, పైన ముగ్గురు, బాణం గుర్తులు. ఫొటో తీసి పంపా. పది నిమిషాల్లో నీలి టిక్కులు పడ్డాయి.

ఇంకో పావుగంటకి అదే ఫొటో తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర గీతలు. మూడో వాడి బాణం తప్పు గీశానని, వాడు ఇటు కాదు అటు పరిగెత్తాలని, కింద వాయిస్ మెసేజ్. వెనకాల పిల్లల కేకలు.